ఏవండీ అన్నందుకు

మారిషస్‌లో తెలుగు చెప్పే టీచర్లకు రాయడం నేర్పమని మా ఇద్దరినీ పంపారు. నేను ఏలూరులో పేపర్ రిపోర్టర్ని. స్నేహలత తాడేపల్లిగూడెం హైస్కూల్లో తెలుగు టీచర్. మొదటి రోజు బోర్డు మీద నేను రాసిన వాక్యం: "విశేషణాలు కొట్టేయండి."

వెనక బెంచీ నుంచి ఆమె లేచింది.

"ఏవండీ, పుల్లమామిడికాయలో పుల్ల కొట్టేస్తే ఏం మిగులుద్దండీ?"

"మామిడికాయ మిగులుద్దండీ."

"మరి నోరూరద్దాండీ?"

టీచర్లంతా నవ్వారు. నేను బోర్డు తుడిచాను. ప్రేమ అక్కడే మొదలైందని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఒళ్లు మండింది.

ఆపైన నేను వాక్యాలు తగ్గించేవాణ్ణి, ఆమె పెంచేది. మధ్యలో "ఏవండీ, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వండి", "ఏవండీ, భోజనానికి రారా?"

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. తాము గమనించిన మనుషుల గురించి టీచర్లను రాయమన్నాను. సరోజిని అప్పాడు అనే టీచర్ లేచి చదివారు.

"జీవన్ గారు మాట్లాడుతుంటే ఆయన భార్య స్నేహలత గారు కిటికీలోంచి వాన చూస్తారు. ఆమె మాట్లాడుతుంటే ఆయన ఆమెనే చూస్తారు."

"భార్య అని ఎవరు చెప్పారండీ?" అంది స్నేహలత.

"మీరే. ఏవండీ అంటారు కదా. మా అమ్మమ్మ మా తాతయ్యను తప్ప ఎవరినీ అలా పిలవలేదు."

"అయ్యో! మా వైపు బస్సు కండక్టర్నీ అలాగే పిలుస్తామండీ."

మళ్లీ నవ్వులు. కండక్టరూ నేనూ ఒకే వరసలో నిలబడ్డాం. రెండో వాక్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. అందులో దిద్దడానికి నాకేమీ దొరకలేదు.

మర్నాటి నుంచి నేను "జీవన్ గారూ" అయిపోయాను.

తిరుగు విమానంలో ఆమె చెప్పింది. "జంగారెడ్డిగూడెం సంబంధం వచ్చిందండీ. బ్యాంకు ఆఫీసరు. ఆదివారం చర్చి అయ్యాక నాన్నగారు మాటిచ్చేస్తారు."

"మంచిదండీ" అన్నాను. అసలు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలని పరాయి దేశం వెళ్లి నేర్పి వస్తున్నవాణ్ణి.

విజయవాడలో ఒకే రైలెక్కాం. ఏలూరు వచ్చింది. బ్యాగు తీశాను. మళ్లీ పైన పెట్టి కూర్చున్నాను.

"దిగరా అండీ?"

"దిగుతానండీ."

రైలు కదిలింది.

"జీవన్ గారూ, మీ ఊరు వెళ్లిపోతోంది!"

"పోనివ్వండి."

భీమడోలు వచ్చింది. కొల్లేరు వైపు చేపల చెరువుల మీద వాన పడుతోంది.

"స్నేహలత గారూ, ఆ సంబంధం వద్దనండి."

"ఎందుకండీ?"

"నన్ను చేసుకోండి."

"ఇంతేనా? అన్నాళ్లు చూస్తూ కూర్చున్నారు, కాస్త పెద్దది రాసుకొస్తారనుకున్నాను."

"మీరంటే ఇష్టమండీ. ఇంకేం రాయాలో తెలీదు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నవ్వు అద్దంలో కనిపించింది.

"మా నాన్నగారు స్టేషన్‌కొస్తున్నారు. ఆ మాటేదో ఆయనకి చెప్పండి."

తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫారం మీద వాళ్ల నాన్నగారు అబ్రహాం గారు గొడుగుతో నిలబడి ఉన్నారు.

"మీరు ఏలూరు కదా. ఇక్కడిదాకా వచ్చేశారేంటండీ?"

"నేను... రిపోర్టర్నండీ" అన్నాను.

స్నేహలత నెత్తి కొట్టుకుంది.

"నాన్నా, జంగారెడ్డిగూడెం వాళ్లకి వద్దని చెప్పేయండి. ఈయన నన్ను అడుగుతున్నారు. నాకిష్టమే."

ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"రోజూ ఫోన్‌లో నువ్వు తిట్టేది ఈయన్నేనా?"

"ఆయ్."

"నువ్వలా రోజూ తిడుతుంటే, ఇది తిట్టు కాదు ఇష్టమేనని మీ అమ్మ అప్పుడే అంది" అని ఆయన గొడుగు నా వైపు జరిపారు.

గేటు దగ్గర టీసీ చెయ్యి చాపాడు. నా టికెట్టు ఏలూరు వరకే.

"మా అల్లుడు గారండీ" అన్నారు అబ్రహాం గారు. "మాటల్లో పడి దాటొచ్చేశారు."

టీసీ ఒప్పుకోలేదు. జరిమానా రసీదు తీసి నా పేరు అడిగాడు.

నాకు వెంటనే గుర్తు రాలేదు. "ఏవండీ, జీవన్ అని చెప్పండి" అంది స్నేహలత.