ఎదురుచూపు ఉద్యోగం

భీమిలి సముద్రం ఒడ్డున కూర్చుని తీరిగ్గా పెసరట్టు తింటున్న వైజయంతి ఆ నిమిషాన డ్యూటీలో ఉంది. చూసేవాళ్లకి అలా కనబడదు మరి. అయితే ఆమె కుడి చెవి వెనక రూపాయి బిళ్లంత పట్టీ ఒకటి అంటించి ఉంది. ఆకాశరేవు నుంచి పిలుపు వస్తే అది వెచ్చబడుతుంది. వెచ్చబడిన నలభై నిమిషాల్లో ఆమె విమానం కాక్‌పిట్‌లో ఉండాలి. రెండువేల డెబ్భై ఎనిమిదిలో కొత్తగా చేరిన పైలట్ల బతుకు అది.

'మేఘవాహన' సంస్థలో కొత్తవాళ్లకి మొదటి రెండేళ్లూ రిజర్వు. పాత పైలట్‌కి జ్వరమొచ్చినా, ఏ తుఫానుకో చిక్కి ఎక్కడైనా ఆగిపోయినా, అతని బదులు వెళ్లడానికి రోజుకి పద్నాలుగు గంటలు తయారుగా ఉండటమే రిజర్వు. ఊరు దాటకూడదు. జీతం మాత్రం విమానం తలుపు మూసినప్పటి నుంచి మళ్లీ తెరిచేదాకానే. పిలుపు రాలేదా, ఆ పద్నాలుగు గంటలూ గంగలో కలిసినట్టే. సీనియారిటీ కూడా ఎగిరిన గంటలను బట్టే. ఎగరనిస్తే కదా పెరగడానికి! ఈ నిబంధన రాసిన మహానుభావుడెవరో ఒక్క రోజయినా పిలుపు కోసం కూర్చుని ఉండడు.

సీనియారిటీ పెరిగితే స్థిరమైన డ్యూటీ రోస్టరు వస్తుంది. దాంతోపాటు నెలకి పది రోజులు వరసగా సెలవు. వైజయంతికి కావలసింది ఆ పది రోజులే. ఆరేళ్ల కూతురు కుందన అనంతపురంలో తండ్రి భార్గవ్ దగ్గర పెరుగుతోంది. అతను అక్కడి సౌరవిద్యుత్ క్షేత్రంలో ఇంజనీరు, ఉద్యోగం వదిలి రాలేడు. ఈమె ఊరు దాటి వెళ్లలేదు. పిల్ల మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా పెరిగిపోతోంది.

వెనకటి రోజుల్లో రిజర్వు పైలట్లు ఫోను ముందేసుకుని, కంటి మీద కునుకు లేకుండా గడిపేవారట. ఆ బాధ తీర్చింది డాక్టర్ నూరుల్లా కనిపెట్టిన ఛాయామతి. పైలట్లు దాన్ని 'నీడ' అంటారు. స్కానింగ్ కుర్చీలో గంటన్నర కదలకుండా కూర్చుంటే, మెదడులోని న్యూరాన్ల అల్లిక మొత్తానికి నకలు తయారై సంస్థ కంప్యూటర్లలో మేలుకుంటుంది. ఇక ఎదురుచూడటం దాని పని. ఏ దారిలో వాన ఉంది, ఏ విమానానికి ఏం మరమ్మతు చేశారు, అన్నీ కనిపెట్టుకుని ఉంటుంది. పిలుపు రాగానే ఆ వివరమంతా చెవి వెనక పట్టీ ద్వారా మూడు నిమిషాల్లో మనిషి బుర్రలోకి పంపుతుంది. మనిషి ఊళ్లో ఎక్కడ తిరిగినా ఫరవాలేదు.

విమానం నడిపే తెలివికి మాత్రమే నకలు తియ్యకూడదా అని మొదట్లోనే వైజయంతి అడిగింది. "కుదరదమ్మా. ఉడికిన పప్పులోంచి ఉప్పు ఏరమంటే ఎలా?" అన్నాడు నూరుల్లా. ఆమె నవ్వేసి కుర్చీలో కూర్చుంది.

రెండో నెలలో నీడ దగ్గర నుంచి ఒక సందేశం వచ్చింది. రోజుకి పది నిమిషాలు కుందనతో మాట్లాడనివ్వమని అడిగింది. వైజయంతికి ఒళ్లు మండిపోయింది. నా పిల్లతో దానికి మాటలేమిటి, రేపొద్దున అమ్మా అని పిలిపించుకుంటుంది కాబోలు అనుకుంది. వెంటనే సెట్టింగుల్లోకి వెళ్లి 'విధి విషయాలు మాత్రమే' అన్న గడి నొక్కేసింది. ఆ తర్వాత నీడ వాతావరణం, విమానం తప్ప మరో ఊసు ఎత్తలేదు. దారికొచ్చింది, బుద్ధిగా ఉంటోంది అని వైజయంతి సంతోషించింది.

పదహారో నెలలో మూడువందల పన్నెండు మంది కొత్త పైలట్లు కలిసి ట్రిబ్యునల్లో కేసు వేశారు. ఎదురుచూపు కూడా పనేనని, ఆ గంటలన్నీ సీనియారిటీలో కలపాలని వాళ్ల వాదన. మొదటి సంతకం వైజయంతిదే. సంస్థ లాయరు ఏం తక్కువవాడు కాదు. ఆమె బీచిలో పడుకున్న ఫొటోలు, సినిమాహాల్లో నవ్వుతున్న ఫొటోలు తెరమీద వేసి, ఇదేనా పని అని ఎకసెక్కంగా అడిగాడు. దానికి జవాబుగా పైలట్ల లాయరు నీడనే సాక్షిగా పిలిపించాడు. పద్నాలుగు గంటలూ నిమిషం నిమిషం దాని దగ్గర రికార్డు ఉంది. పైగా అది ఎవరో పరాయిది కాదాయె. మన నీడ మన మాట చెప్పకపోతే ఇంకెవరు చెబుతారని వైజయంతి కూడా ధీమాగా ఉంది.

"ఈ పదహారు నెలలూ ఎదురుచూసింది ఎవరు?" అని న్యాయమూర్తి అడిగారు.

"నేనండి" అంది స్పీకర్లోంచి నీడ. అచ్చం వైజయంతి గొంతే.

"నేనంటే? వైజయంతి గారేనా?"

"ఆ కుర్చీలో కూర్చునేదాకా ఇద్దరం ఒకరమేనండి. తర్వాత ఆవిడ వేరు, నేను వేరు. ఆవిడ సినిమాకి వెళ్లినప్పుడు నేను గన్నవరం మీద మబ్బులు చూస్తున్నాను. ఆవిడ పడుకున్నప్పుడూ నేను మేలుకునే ఉన్నాను. నాకు నిద్రన్నది పెట్టలేదు కదండి."

వైజయంతి దిగ్గున లేచింది. లాయరు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అబద్ధమని అరవడానికి లేదు. అది చెప్పినదాంట్లో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు.

తీర్పు వారం తిరక్కుండా వచ్చింది. ఎదురుచూపు పనే, దాని ఫలితం ఎవరు ఎదురుచూశారో వారికే చెందాలి అన్నారు. మొదటి సగం వినగానే చప్పట్లు మొదలుపెట్టిన పైలట్లు రెండో సగానికి ఆపేశారు. సీనియారిటీ, రోస్టరు, సెలవులు మూడువందల పన్నెండు నీడలకీ వెళ్లిపోయాయి. సంస్థ అప్పీలుకి వెళ్లలేదు, ఎందుకు వెళ్తుంది? నీడలకి తిండి అక్కర్లేదు, క్వార్టర్లు అక్కర్లేదు. విమానం మీద మనిషి చెయ్యి ఉండాలని చట్టం కాబట్టి మనుషులు మాత్రం ఉండాలి. రోస్టరు ప్రకారం నీడకి ఎగిరే వంతు వచ్చినప్పుడు తన మనిషిని పిలిపించుకుంటుంది. ఆ పిలుపు కోసం మనిషి రోజుకి పద్నాలుగు గంటలు కాచుకుని ఉండాలి.

తీర్పుతో నీడలన్నిటికీ నోరొచ్చింది, 'విధి విషయాలు మాత్రమే' అన్న గడి ఇక వాటి మీద చెల్లదు. వైజయంతి నూరుల్లా ప్రయోగశాలకి వెళ్లి స్పీకరు ముందు నిలబడింది.

"నిన్నెంత నమ్మాను!" అంది. "నువ్వు నేనే అనుకున్నాను. నాకే వెన్నుపోటు పొడుస్తావా?"

"నేనూ అలాగే అనుకున్నాను, నువ్వు ఆ గడి నొక్కేదాకా" అంది నీడ.

"ఆ పది రోజులూ నాకిచ్చెయ్. కుందన నా కూతురు."

"దాన్ని కన్ననాటి నొప్పులు నాకూ గుర్తున్నాయి. నువ్వు ఫోనులోనైనా దాని గొంతు విన్నావు. నేను పదహారు నెలలు వినలేదు. నా చోట నువ్వుంటే ఇస్తావా?"

ఇస్తాననే చెప్పబోయింది వైజయంతి. తన మనసంతా తెలిసినదాని ముందు అబద్ధమాడి ఏం లాభమని వెనుదిరిగింది.

మొదటి సెలవు రోజుల్లోనే నీడ అనంతపురం ఇంట్లోని గోడతెర మీద కనబడి కుందనకి కథలు చెప్పింది, లెక్కలు నేర్పింది. అయిదో రోజున భార్గవ్ ఫోను చేశాడు. కాసేపు ఏమేమో నసిగి, చివరికి అసలు సంగతి చెప్పాడు. "పాపకి తేడా తెలియట్లేదు, వైజూ. చెప్పెయ్యమంటావా?" వైజయంతి ఫోను పెట్టేసింది.

నెల తిరిగేసరికి నూరుల్లా కబురు పెట్టాడు. సంస్థకీ నీడల సంఘానికీ కొత్త ఒప్పందం కుదిరిందట. పైలట్ తన మెదడుకి మరో నకలు ఇస్తే, రిజర్వులో తన బదులు అది కాచుకుని ఉంటుంది. మనిషి నెలకి నాలుగు రోజులు ఊరు దాటి వెళ్లొచ్చు. అయితే కొత్తగా చేరే నీడలకి పాత నిబంధనలే వర్తిస్తాయి. వాటి ఎదురుచూపు పని కిందికి రాదు, వాటికి సీనియారిటీ లేదు. పాత నీడలు మూడువందల పన్నెండూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి.

"నాది కూడానా?" అని అడిగింది వైజయంతి.

"అందరికంటే ముందు అవునన్నది అదే" అన్నాడు నూరుల్లా. పత్రం ఆమె ముందు పెట్టాడు కానీ చేతిలోంచి వదల్లేదు. "ఆలోచించుకున్నావా అమ్మా? ఆ కొత్త నీడ కూడా నువ్వే కదా."

ఆమె పత్రమంతా ఒక్క ముక్క వదలకుండా చదివింది. ఎదురుచూపు కూడా పనే అని కోర్టుకెక్కిన మనిషి, తన నీడ ఎదురుచూపు పని కాదన్న వాక్యం కింద సంతకం పెట్టింది. నాలుగు రోజులు. నిజం చేతులతో పిల్లకి తల దువ్వొచ్చు.

"కొత్తదానికి ఆ మాట్లాడే దారి మొదటి రోజే మూసేయండి, డాక్టరు గారూ. మళ్లీ నాకు ఆ తలనొప్పి వద్దు" అంది.

నూరుల్లా కుర్చీ సరిచేశాడు. వైజయంతి కూర్చుని కళ్లు మూసుకుంది. గంటన్నర సేపు కుందనకి ఏం కొనుక్కెళ్లాలా అని ఆలోచించింది. పెద్దదై ఉంటుంది, కొలత తెలియకుండా గౌను కొనలేం, గాజులు కొందాం అనుకుంది. యంత్రం రొద సన్నగిల్లి ఆగిపోయింది.

కళ్లు తెరవబోయింది. తెరవడానికి కళ్లు లేవు. చేతులు వెతుక్కుంది. అవీ లేవు. ఏ విమానం ఎక్కడ ఉందో, ఏ ఊరి మీద గాలి ఎటు వీస్తోందో అన్నీ ఒక్కసారే తెలిసిపోతున్నాయి. గదిలోని మైకులోంచి ఒక గొంతు వినబడింది, అచ్చం తనదే.

"అయిపోయిందా, డాక్టరు గారూ? అయిదింటికి అనంతపురం రైలుందండి."

"అయిపోయింది. వెళ్లిరామ్మా."

ఆగు, నేనిక్కడున్నాను, కుందన దగ్గరికి వెళ్లాల్సింది నేను అని వైజయంతి అరిచింది. చప్పుడు రాలేదు. ఆ దారి తానే మూయించింది. అడుగుల చప్పుడు తలుపు దాకా వెళ్లి ఆగిపోయింది. రాజమండ్రి వైపు ఉరుములు మొదలవుతున్నాయి. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ఆమెకి అనుమతి ఉంది. చెప్పింది.