లోపలికి వంగిన మూల

"సర్వే అంటూ చేలగట్లెంట తిరగటం ఈ నెలతో ఆఖరు," మూడోసారి అన్నాడు రఘునందన్. "శుభ్రంగా మళ్లీ ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పుకో."

"వాడన్నదాంట్లో తప్పేముందే?" అత్తగారు భ్రమరాంబ అందుకుంది. మావగారు శోభనాద్రి తలాడించాడు.

సుహాసిని క్యారేజీ మూత బిగించింది. ఆమె సర్వేయర్ కాదనీ, సీక్రెట్ ఏజెంట్ అనీ గుడివాడలోని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోన్ మోగింది.

"మినుములు ఎండాయామ్మా?" చీఫ్ జగన్నాథం. అది కోడ్.

"విసరటమే తరువాయండీ."

"నిన్న బందరులో మన ఏజెంట్ సుందరరాజును చంపేశారు. నాగాయలంకలో రొయ్యల చెరువు మూల, పంపు షెడ్డులో విదేశీ ముఠా జామర్ పెట్టింది. పదకొండింటికి తీర రాడార్ ఆగిపోతుంది, ఆయుధాల ఓడ వస్తుంది. జామర్ ఆపే నంబరు ఆ చెరువు నాలుగో కోణం. చనిపోయేముందు సుందరరాజు పంపిన కోణాలు మూడే: ముప్పై ఐదు, నలభై, నలభై ఐదు. తప్పు నంబరు తిప్పితే పేలుతుంది. ఏజెంట్ కృష్ణప్రియ తోడొస్తుంది."

పది యాభై ఐదు. రొయ్యల మేత కంపెనీ టోపీల్లో ఇద్దరూ చెరువు గట్టు ఎక్కారు.

"మళ్లీ వచ్చారా? నా పొలం చెక్క ఇచ్చేది లేదన్నానుగా!" చేలోంచి అరిచింది భాగ్యమ్మ. ఆమె అరెకరం ఇవ్వనందుకే చెరువు నాలుగో మూల లోపలికి వంగింది.

కృష్ణప్రియ నల్లకళ్లద్దాలు పైకి తోసి, భాగ్యమ్మ చేలో నిలబడి ఫోన్‌తో కొలిచింది. "నూట ఇరవై. తిప్పెయ్, అక్కా!" అంటూనే చేలకడ్డంపడి దూరంగా పరిగెత్తింది.

ఎందుకా పరుగు? షెడ్డులో జామర్ డయల్ మీద సుహాసిని చెయ్యి ఆగింది. మూడు కోణాలూ కలిపితే నూట ఇరవై. ఇదీ కలిపితే రెండొందల నలభై. నాలుగు గట్ల చెరువుకు మూడొందల అరవై రావాలి!

"పొలం వైపు నుంచి కాదమ్మా, నీళ్ల వైపు నుంచి కొలవాలి!" అంది సుహాసిని.

రెండొందల నలభైకి తిప్పింది. పదకొండుకు రెండు సెకన్లుండగా జామర్ ఎర్రలైటు ఆరిపోయింది.

కృష్ణప్రియ పిస్టల్‌తో వెనక్కొచ్చింది. సుహాసిని క్యారేజీ పిడి నొక్కింది. మూతలోంచి కారం చిమ్మింది. కళ్లు మూసుకుని తూలిన డబుల్ ఏజెంట్‌ను భాగ్యమ్మ చెరువులోకి తోసింది.

"నా చేను తొక్కుతావా?"

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. "రాజీనామా రాశావా?" అడిగాడు రఘునందన్.

"మీ ముగ్గురి మాటా విన్నాను," మెల్లిగా అంది సుహాసిని. "నాలుగోది నాది. ఉద్యోగం మానను. మజ్జిగ పొయ్యనా?"