పేరు పెట్టి పిలిచేదాకా

నా పేరు బేబి. నవ్వకండి. బళ్ళో వేసిన రోజు మాస్టారు పేరడిగితే మా నాన్న ఇంట్లో ముద్దుగా పిలిచేదే చెప్పేశాడు, అదే ఖాయమైపోయింది. పెళ్ళయ్యాక ఆ పేరుతో ఎవరికీ పనిలేకుండా పోయింది. మా ఆయన రమణబాబుకి నేను ‘ఇదిగో’ని. అత్తగారికి ‘ఏమ్మా’ని. వీధిలో వాళ్ళకి ‘చిట్టితల్లి వాళ్ళమ్మ’ని. చిట్టితల్లి మా అమ్మాయి, రెండో తరగతి చదువుతోంది. దానికి ఎలాగూ అమ్మనే.

యోగా క్లాసులో చేరింది నడుంనొప్పికని ఇంట్లో చెప్పాను. నొప్పి అబద్ధం కాదు. కానీ అది తగ్గిపోయాక కూడా ఒక్క సాయంత్రం మానకుండా వెళ్ళానంటే కారణం వేరే. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవారు.

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ దాటి పెదబొడ్డేపల్లి వైపు వెళ్తుంటే టైర్ల షాపు మీద మేడ ఉంటుంది. అదే మా యోగా సెంటర్. ఝాన్సీలక్ష్మి మేడం ఒకప్పుడు వైజాగ్ బీచ్‌లో ఇసుక మీద క్లాసులు చెప్పేవారట. భర్తకి ఇక్కడికి ట్రాన్స్‌ఫరైతే సముద్రాన్ని వెంట తెచ్చుకోలేక, హాల్లో ఒక గోడ నిండా దాని బొమ్మ వేయించారు. నీలం రంగు నీళ్ళు, కొబ్బరిచెట్లు, పొడుస్తున్న సూర్యుడు. కిందనుంచి వచ్చే రబ్బరు వాసన, “నాతవరం, నాతవరం” అని షేర్ ఆటోల కేకలు, వాటి మధ్య మా ప్రాణాయామం.

క్లాసు చివర్లో శవాసనం. వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా వదిలేయాలి. అది అయ్యాక అందర్నీ ఒకేసారి లేపరు మా మేడం. వైజాగ్‌లో ఒకావిడ దిగ్గున లేచి కళ్ళు తిరిగి పడిపోయిందట. అప్పట్నుంచీ వరసలో ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తారు, పిలిచినవాళ్ళే లేవాలి. అదీ మంచిదే, లేకపోతే ఆ ఇరుకు మెట్ల దగ్గర చెప్పుల కోసం కొట్టుకు చచ్చేవాళ్ళం. రానురాను మా ఒళ్ళకి ఎంత అలవాటైపోయిందంటే, దోమ కుట్టినా, పక్కన ఫోన్ మోగినా, పేరు వినపడితే గానీ కదిలేవాళ్ళం కాదు.

ఆ గోడ పక్కన పడుకునేది సోమలమ్మ పిన్ని. రేవుపోలవరం నుంచి చేపలు తెచ్చి మా మార్కెట్లో అమ్మే మనిషి. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు చెప్పాడని చేరింది. గంపలు ఖాళీ అయ్యాక ఎవరింట్లోనో స్నానం చేసి, కనకాంబరాలు పెట్టుకుని మరీ వచ్చేది. ఎంత సబ్బు రుద్దుకున్నా ఉప్పునీటి వాసన పోయేది కాదు. మా వీధి లోవలక్ష్మి పైకే ముక్కు మూసుకునేది. పిన్ని పట్టించుకునేది కాదు, ఆ బొమ్మని చూసి వెక్కిరించేది.

“ఇదేటి సంద్రవమ్మా? ఒక్క పడవైనా నేదు.”

ఆవిడకి పిల్లల్లేరు. “నీ పాపని ఓపాలి తీసుకురాయే, కళ్ళారా సూసుకుంటాను” అని రోజూ అడిగేది. పిల్లలొస్తే మేడం ఊరుకోరు పిన్నీ అని తప్పించుకునేదాన్ని. ఎందుకో ఆ అడగడంలో ఆకలి లాంటిది కనిపించేది నాకు.

వానలు పట్టుకున్నాక ఒక రాత్రి సోమలమ్మ పిన్ని నిద్రలోనే పోయింది. పెదకార్యానికి అందరం ఆటో కట్టించుకుని వెళ్ళి వచ్చాం. మేడం కళ్ళు తుడుచుకుంటూ, ఆవిడ చోటు కొన్నాళ్ళు అలాగే ఖాళీగా ఉంచుదామన్నారు.

ఆ సాయంత్రం తుపాను వాన. క్లాసుకి వచ్చింది కొద్దిమందిమే. నేను పడుకునే చోట పైకప్పు కారుతోంది. మడుగులో పడుకోలేను కదా, చాప తీసుకెళ్ళి గోడ పక్కన పరుచుకున్నాను. పిన్ని చోటని తెలుసు. తెలిసి ఏం చేయను, పొడిగా ఉన్నది అదొక్కటే. చిట్టితల్లి ట్యూషన్ నుంచి వచ్చేలోపు ఇంట్లో ఉండాలి. అదొక్కటే నా ధ్యాస.

శవాసనంలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్ల చప్పుడు ఆగింది. రేకుల మీద వాన... కారే చోట బకెట్లో చుక్కలు... అంతే. మేడం గొంతు చీకట్లోంచి, “ఫర్వాలేదు, అలాగే ఉండండి” అంది.

ముందు వాసన తెలిసింది. ఉప్పు. తడిసిన వల. దాని మీద నలిగిన కనకాంబరాలు.

గోడలోంచి చల్లగా ఏదో నా పక్కకి వచ్చి ఆగింది. చెవి దగ్గర చాలా నెమ్మదిగా, మర్యాదగా అడిగింది.

“కూసింత జరుగు తల్లీ.”

అరవాలి కదా. లేచి పరుగెత్తాలి కదా. కానీ పేరు పిలవందే ఒళ్ళు కదలదు. పైగా సిగ్గేసింది. ఆవిడ చోటే కదా మరి, నేనే వచ్చి పడుకున్నాను. బస్సులో, పెళ్ళి బంతిలో, సొంత మంచం మీద, ఎవరు జరగమన్నా జరగడమే నాకు తెలిసింది. జరిగాను.

చెయ్యి కదల్లేదు, కాలు కదల్లేదు. అయినా జరిగాను.

మేడం పేర్లు పిలవడం మొదలుపెట్టారు. చీకట్లో ముఖాలు కనపడవు, అలవాటు చొప్పున చోట్లని బట్టి పిలుచుకుంటూ వస్తున్నారు.

“లోవలక్ష్మీ, లేవండి.”

పక్కన గాజుల చప్పుడు.

“సోమలమ్మ గారూ, లేవండి.”

మేడం వెంటనే నాలుక కరుచుకున్నారు. “అయ్యో... అయ్యో తల్లీ... నోటి అలవాటు...”

నా పక్కన నా ఒళ్ళు లేచి కూర్చుంది.

నాకు కళ్ళు తెరవడం రాలేదు, కానీ తెలిసింది. ఆ తలలోంచి నా కొబ్బరినూనె వాసన, ఆ చేతికి నా గాజులు. లోవలక్ష్మి సెల్లు లైటు వేసి గుండెలు బాదుకుంది. “ఓలమ్మో! నువ్వటే! నాను హడలి సచ్చిపోనాను.” మేడం కూడా నవ్వేశారు. లేచి కూర్చున్న మనిషిని మళ్ళీ ఎవరు పిలుస్తారు? నా పేరు పిలవకుండానే వరస దాటిపోయింది.

మేడం... నేను... నన్ను పిలవలేదు... నేనింకా ఇక్కడే...

గొంతు లేదు. ఎంత అరిచినా బయటికి రాలేదు.

మెట్ల దగ్గర లోవలక్ష్మి మాట వినపడింది. “ఒలే, నీ సెప్పులే నీకు తెలీవేటే? అవి నావి.”

నా గొంతు మెల్లగా నవ్వింది. “సీకట్లో తెలీలేదు. పిల్ల ఎదురుసూత్తాది. బేగి ఎల్లాల.”

తలుపు మూశారు. తాళం పడింది. కింద షట్టరు దిగింది.

ఆ రాత్రంతా ఒకటే ఆశ. నేను ఇంటికి రాకపోతే మా ఆయన వెతుక్కుంటూ వస్తాడు, టార్చి పట్టుకుని తిట్టుకుంటూ అయినా వస్తాడు అనుకున్నాను. ఎప్పటికో వెలిగింది నా బుర్ర. నేను ఇంటికి వెళ్ళిపోయాను కదా. ఈపాటికి అన్నం పెట్టేసి ఉంటాను. చిట్టితల్లి నా పక్కలో పడుకుని ఉంటుంది. ఆ ఆలోచనకి నా గుండె పగిలిపోయింది, ఆ గుండె ఎక్కడుందో నాకే తెలియకపోయినా.

మర్నాడు క్లాసు మామూలుగా జరిగింది. ఆ చోటు సంగతి తెలియని కొత్తావిడెవరో చాప తెచ్చి నా మీదే పరిచింది. ఆవిడ వీపు నా మీద ఆనింది, బరువు తెలిసింది, చెమట తెలిసింది. మేడం ఆవిడ పేరు పిలిచారు, లేచి వెళ్ళిపోయింది. రోజూ అంతే. పేర్లు ఒక్కొక్కటీ నా మీదుగా వెళ్ళిపోతాయి. లోవలక్ష్మి ఫోన్లో ‘బేబి’ అంటే ప్రాణం లేచొస్తుంది. కానీ నా గురించి మాట్లాడుకుంటే చాలదు. ఊపిరున్న మనిషి నన్ను పిలవాలి. ఇదిగో, లే, అని నన్ను అడగాలి.

నా ఒంట్లో చేరినదేమో క్లాసు మానేసింది. దాని సంగతులు లోవలక్ష్మే చెప్పేది, పక్కవాళ్ళకి.

“ఆ ఇల్లు ఇప్పుడు సూడాల. రోజూ సేపల పులుసేనట. అత్తగారు మెచ్చుకోవడం నానెప్పుడైనా ఇన్నానా?”

చేప తోమడం చేతకాదని పదేళ్ళు నన్ను సాధించిన అత్తగారు! ఇంత నరకంలోనూ నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఎవరూ తేడా కనిపెట్టలేదు. కనిపెట్టడానికి అక్కడ ‘ఇదిగో’ ఉంది, ‘ఏమ్మా’ ఉంది. పిలిస్తే పలుకుతోంది.

“పిల్లకే ఏటో అయ్యింది” అంది లోవలక్ష్మి ఇంకో రోజు. “తల్లి దగ్గరికి రాదట. తల్లి మొకంలోకే సూసి, మా అమ్మేదీ అని అడుగుతాదట. రాత్రుళ్ళు ఒకటే ఏడుపు. ఆవిడకి ఇసుగొచ్చేత్తంది పాపం.”

నా బంగారుతల్లి! ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ సంతోషంలో, విసుగొచ్చిన మనిషి ఏం చేస్తుందో ఆలోచించలేదు.

శనివారం సాయంత్రం మెట్ల మీద నా అడుగులు వినపడ్డాయి. వాటి పక్కన చిన్న పట్టీల చప్పుడు. పిల్లలకి ఏకాగ్రత కుదురుతుందట కదా మేడం, అంది నా గొంతు. మేడం మురిసిపోయారు. చిన్న చాప తెచ్చి సరిగ్గా గోడ పక్కన పరిచింది అది. పిల్లని నా మీద పడుకోబెట్టింది.

“మీరు కూడా పడుకోండి” అన్నారు మేడం.

“నాకొద్దులెండి. పిల్లకే.”

అది పడుకోదు. పడుకుంటే పేరు పిలుస్తారు.

లైట్లు తగ్గించారు. శవాసనం. చిట్టితల్లి జుట్టులోంచి సుద్దముక్క వాసన, పెరుగన్నం వాసన. నాకు ఏడుపు ఆగలేదు. నోరు లేకుండానే పిలిచాను.

“చిట్టితల్లీ...”

పిల్ల పెదవులు కదిపీ కదపకుండా...

“అమ్మా! నువ్విక్కడున్నావేటి?”

“ఉన్నానమ్మా. భయపడకు. నువ్వొక పని చెయ్యాలి. నన్ను పేరు పెట్టి పిలు. గట్టిగా. ఒక్కసారి. ఇద్దరం ఇంటికి వెళ్ళిపోదాం.”

పిల్ల తటపటాయించింది.

“తప్పు గదా. అమ్మని పేరెట్టి పిలవకూడదని నువ్వే సెప్పావు.”

“ఈ ఒక్కసారికి తప్పు కాదు తల్లీ. నేనే చెప్తున్నాను. నా బంగారం కదూ...”

పిల్ల ఊపిరి పీల్చుకుంది. దాని చిన్న ఛాతీ పైకి లేవడం నాకు తెలిసింది.

“బే...”

“లెగు బంగారం” అంది నా గొంతు, పైనుంచి.

మేడం ఇంకా పేర్లు మొదలుపెట్టనే లేదు. “అప్పుడేనా?” అన్నారు. “దాని పేరు నేను పిలుస్తానుండండి.”

“మా పిల్లని నాను లేపుకుంటానండి. మీరు పిలవకండి.”

నా మీది బరువు తేలికైపోయింది. చాప చుట్టిన చప్పుడు. పట్టీలు గలగలమన్నాయి. “అమ్మా, ఆకలేత్తంది” అంది చిట్టితల్లి గొంతు, ఎంతో ముద్దుగా, తగువేమీ లేకుండా. మెట్ల మీద నా అడుగులు, వాటి వెంట చిన్న అడుగులు గెంతుతూ దిగిపోయాయి. కింద షేర్ ఆటో వాడు కేకేస్తున్నాడు.

మేడం మిగతా పేర్లు పిలిచారు. అందరూ లేచారు. తలుపు మూశారు. తాళం పడింది.

చీకట్లో చిన్న చెయ్యి ఒకటి తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

“అమ్మా... ఎవరో జరగమంటే జరిగాను. దాన్తోటి ఎల్లిందెవరే?”