అయిదో ఫైనల్

రేచల్ కుర్చీలో కూర్చుందే గానీ చేతిసంచీ ఒళ్లోంచి దించలేదు.

"సాయంత్రం అయిదింటికి మా సారు పోర్టు కాంట్రాక్టరుకి ఉత్తరం పంపేస్తారంట మేడమ్. తప్పు నాదేనని నా పేరు రాసేశారు. ఇంక ఈ ఊళ్లో నాకు డిజైన్ పని ఎవరిస్తారు?"

డిటెక్టివ్ జ్యోతిర్మయి సంగతంతా నెమ్మదిగా చెప్పించుకుంది. మల్కాపురంలో దేవీప్రసాద్ గారిది నలుగురు మనుషుల డిజైన్ ఆఫీసు, వెనకాలే వర్క్‌షాపు; రేచల్ అక్కడ డిజైనరు. పోర్టు కాంట్రాక్టరు నుంచి, బరువులెత్తడానికి ఒక బ్రాకెట్ చేసే పని వచ్చింది. ప్లేటు మందం మొదట పన్నెండు మిల్లీమీటర్లు. ఎత్తాల్సిన బరువు పెరిగిందని తెలిసి రేచల్ దాన్ని ఇరవై చేసింది. కొత్త డ్రాయింగు ప్రింటు తీసి మేస్త్రి వరహాలు చేతిలో పెట్టింది. తయారైంది మాత్రం పన్నెండుతోనే, పరీక్షలో పగిలిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. వరహాలేమో తనకు ఏ కాగితమూ ఇవ్వలేదంటున్నాడు.

మధ్యాహ్నానికి జ్యోతిర్మయి, ఆమె సహాయకుడు ఉదయ్‌కుమార్ ఆ ఆఫీసులో ఉన్నారు. కంప్యూటర్లో ఆ పని ఫోల్డరు తెరవగానే ఉదయ్‌కి నవ్వాగలేదు. ఫైనల్, ఫైనల్ కొత్తది, ఇదే ఫైనల్, అసలు ఫైనల్, రేచల్ ఫైనల్. ఒక్కదానికీ తేదీ లేదు. ఇరవై ఉన్నది అయిదోదానిలోనే.

"వీటిలో ఏది నమ్మాలండీ?"

"ఇక్కడెవరూ వీటిని నమ్మరు ఉదయ్. వాళ్లు నమ్మేదేదో చూద్దాం పద."

వర్క్‌షాపు బోర్డుకి పాత డ్రాయింగు నూనె చేతుల మరకలతో వేలాడుతోంది. పై మూలన చిన్న పసుపు మచ్చ. జ్యోతిర్మయి అలమర తెరిపించి పాత పనుల కాగితాలు తిరగేసింది. అన్నిటికీ అదే మూలన అదే మచ్చ. రేచల్ డ్రాయింగు ఇచ్చిన రోజు తమరెక్కడున్నారని దేవీప్రసాద్‌ని అడిగింది. సబ్బవరంలో బావమరిది గృహప్రవేశానికి వెళ్లానన్నాడాయన. ఆమె తలూపింది. ఉదయ్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు, అది అతనికి అలవాటే.

నాలుగున్నరకి అందర్నీ బోర్డు ముందుకి పిలిచింది.

"రేచల్ కాగితం ఇచ్చింది, మేస్త్రిగారు తీసుకున్నారు. కానీ ఇక్కడ పని మొదలెట్టాలంటే కాగితానికి దేవీప్రసాద్ గారు పసుపు పెట్టాలి. ఆ రోజు ఆయన ఊళ్లో లేరు. మేస్త్రిగారూ, పసుపు కోసం పక్కన పెట్టిన కాగితం తెస్తారా?"

వరహాలు టూల్‌బాక్సు అడుగు నుంచి ఒక్క మరకైనా లేని కాగితం తీశాడు. దాని మూల తెల్లగా ఉంది.

"పసుపెట్టని కాయితం మీద ఇనుం కొయ్యొద్దని బాబే సెప్పారు. వచ్చాక ఎట్టిద్దారనుకున్నాను, మర్సిపోనాను. అది పగిలాక బయమేసి అబద్దమాడినాను. ఈ వయసులో నన్నెవులు పన్లో ఎట్టుకుంతారు?"

రేచల్‌కి ఒళ్లు మండింది. కానీ పొద్దున తను ఏడ్చిన ఏడుపూ అదేనని గుర్తొచ్చి ఊరుకుంది.

"అయితే తప్పెవరిదంటారు?" అన్నాడు దేవీప్రసాద్.

"కొత్తది వచ్చిన నిమిషంలో పాతది బోర్డు దిగాలి. ఆ నియమం పెట్టాల్సింది మీరు. మీరు పసుపు నియమం ఒక్కటే పెట్టారు."

 ఆయన బోర్డు మీది కాగితం దించి, పసుపు పెట్టిన కాగితమని వరహాలు అయ్యో అంటున్నా వినకుండా, ఎర్ర పెన్నుతో ఆ మూల నుంచి ఈ మూలకి కొట్టేశాడు. లోపలికెళ్లి ఉత్తరం తెచ్చి అందులో రేచల్ పేరు కొట్టేసి తన పేరు రాశాడు. వరహాలు పేరు ఎక్కడా రాయలేదు.

"చదివి చూడమ్మా. ఇదే ఫైనల్."

రేచల్ రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంది.

"తేదీ వెయ్యండి సార్," అంది.