మఖ్మల్ మీద గాజు కాయలు

"చోర్! చోర్! పట్టుకోండ్రి దాన్ని!"

రాజమణి వెనక్కి తిరిగి చూడడం లేదు. పరుగెడుతోంది.

కొంగు మూటలో గాజు కాయలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఇవి చేజారితే అంతే... అన్న కొండల్ మెడకు ఉరితాడే!

పొద్దు గుంకింది. చార్మినార్ పక్క గాజుల దుకాణాల్లో అప్పుడే పెట్రోమాక్స్ దీపాలు వెలిగిస్తున్నారు. పెళ్ళిళ్ళ సీజన్. కాలు పెట్టడానికి సందు లేదు.

"అరే, దేఖ్ కే చలో!"

సైకిల్‌కు తగిలి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. లేచింది. మళ్ళీ పరుగు!

వెనక అరుపులు తగ్గాయి. కానీ ఒక మనిషి అడుగులు మాత్రం తగ్గడం లేదు...

గొంగడి కప్పుకున్నవాడు!

వైకుంఠం దుకాణం వెనక గదిలోంచి దూకాడు వాడు. ముఖం కనపడలేదు. వైకుంఠం రౌడీ ఎవడో అయ్యుంటాడు. జాగీర్లు పోయి పెద్దిళ్ళ పాత సామాన్లు బజారుకెక్కాక, వాటిని చౌకగా కొని బొంబాయి సేట్లకు అమ్ముకునే మనిషి వైకుంఠం. అలాంటివాడికి రౌడీలు కరువా?

థూ! హంతకుడు!

అన్న చంపలేదన్న తన మాట ఎవరూ నమ్మలేదు. పెద్దింటి ముసలమ్మ లక్ష్మీకాంతమ్మ ఇంట్లో చచ్చిపడి ఉంటే, రోజూ ఆ ఇంట పాలు పోసే కొండల్ మీదే పోలీసుల కన్ను. వాడు భయపడి పారిపోయాడు. పారిపోయాడు కాబట్టి వాడే చంపాడట! పేదోడి భయం కూడా నేరమేనా?

ఇందాక వైకుంఠం షోకేసులో చూసి కొంగున కట్టుకుంది. పచ్చీసు ఆడే పాతకాలపు గాజు కాయలు. అచ్చం ముసలమ్మవే! కానీ శవం పక్కన కూడా అలాంటి కాయలే దొరికాయి. మరి అసలువేవి? నకిలీవేవి? అసలువి వైకుంఠం దగ్గరుంటే వాడే హంతకుడు. అన్న బయటపడతాడు!

తేల్చగలిగేది ఒక్కరే. ముసలమ్మ తమ్ముడు ఆనందరావు.

లాల్‌దర్వాజా. ఇరుకు సందు. కుడికి... మళ్ళీ కుడికి...

వెనక అడుగులు వినిపించడం లేదు. వాడు దారి తప్పాడు!

దబదబ తలుపు బాదింది.

"బాపూ! తలుపు తియ్యి! నేను, పాల రాజమణిని!"

తలుపు కొద్దిగా తెరుచుకుంది. దీపం వెలుగులో ఆనందరావు ముఖం. కళ్ళల్లో అసహ్యం.

"మీ అన్న ఏడ దాక్కున్నడో చెప్పు. గప్పుడు లోపటికి రా."

"నాకు తెల్వది బాపూ! ఇవి చూడు. ఒక్కపారి చూడు! వైకుంఠం దుకాణంల దొరికినయి!"

ఆయన చూపు కాయల మీద పడింది. తలుపు బార్లా తీశాడు.

దీపం ముందు కూర్చున్నాడు. ఆకుపచ్చ కాయ ఒకటి వెలుగులో పట్టాడు.

"లోపట బుడగలున్నయి... పాతయే గద బాపూ?"

"బుడగలదేమున్నది? బట్టీల ఎవడన్న పెడ్తడు."

కాయను తిరగేశాడు. అడుగున బొటనవేలితో రుద్దాడు. అంచులు గోటితో తడిమాడు. 

"అడుగు నున్నగున్నది... అంచులకు పెచ్చులు లేసినయి. మా అక్క ఆటల ఎదుటోళ్ళ కాయను చంపితే ఊకె తీసి పక్కకు పెట్టకపోయేది. తన కాయతోని టక్కున కొట్టేది! చిన్నప్పటి సంది గంతే. ఇవే బిడ్డా... ఇవే మా అక్కయి!"

రాజమణికి ఏడుపు తన్నుకొచ్చింది. దేవుడున్నాడు!

"మరి శవం కాడ దొరికినయి?"

గుర్తుపట్టమని పోలీసులు నిన్న తెచ్చిచ్చిన మూట ఆ మూలనే ఉంది. ఆయన నెల రోజులు యాదగిరిగుట్టలో ఉండి, కబురందాక వచ్చాడు. మూట విప్పడానికి మనసు రాలేదు. ఇప్పుడు విప్పాడు.

"చూడు. అడుగంత గరుకు. పాతగ కనబడాలని బండమీద రాకిన్రు. తెలివి లేనోళ్ళు! మఖ్మల్ మీద ఆడే కాయకు గీతలెట్ల పడ్తయి?"

"సాలు బాపూ! ఠాణాకు పోదాం. వైకుంఠమే చంపి కాయలు మార్చిండని చెప్పు. మా అన్న ఇంటికొస్తడు..."

ఆనందరావు కదలలేదు. మూటలోని పచ్చీసు ఆడే మఖ్మల్ పటాన్ని పరిచి దీపం దగ్గరికి జరిపాడు. చాలాసేపు వేలితో గళ్ళను తడిమాడు.

ఎక్కడ చూసినా దారాలు లేచి ఉన్నాయి.

"గీ గరుకు కాయలతోని దీనిమీద ఆడిన్రు." మెల్లగా అన్నాడు. "మస్తు ఆటలు ఆడిన్రు. అంటే... అక్క బతికుండంగనే కాయలు మారినయి."

"అయితే ఏంది?"

"వైకుంఠాన్ని అక్క గడప తొక్కనియ్యలేదు. నేను గుట్టల ఉన్న. మరి అక్కతోని ఆడిందెవరు బిడ్డా?"



తెలుసు. రాజమణికి తెలుసు!

'ముసలమ్మ నాకు పచ్చీసు నేర్పుతున్నది చెల్లె! పాలు పోసినంక ఒక్క ఆట ఆడనిదే పోనియ్యది...' అని నవ్వేవాడు కొండల్. పెద్దింటి ముసలమ్మ తన అన్నను పక్కన కూర్చోబెట్టుకుందని ఎంత మురిసిపోయింది తను!

అంటే...

ధబ్!

ఎవరో పెరటి గోడ దూకారు. గొంగడి! చేతిలో కత్తి!

గొంగడి జారింది.

"అన్నా...?!"

"ఎంత పని జేసినవ్ చెల్లె!" కొండల్ రొప్పుతున్నాడు. "అసలుయి నేనే మార్చి వైకుంఠానికి అమ్మిన. రేపు గవి బొంబాయి పోతుండె. గంతటితోని ఒడిసిపోతుండె! బజార్ల నిన్ను పిలుద్దామంటే నోరు తెరవనైతి."

"నిన్ను కాపాడదామనే గదన్నా తెచ్చిన..."

"నేనడిగిన్నా?"

"ముసలమ్మను... నువ్వేనా?"

కొండల్ తల దించుకున్నాడు.

"కాయ మఖ్మల్‌కు పట్టుకున్నది. ఎత్తి చూసింది. నా మొఖం చూసింది. 'కొడుకు లెక్క చూస్కుంటి గదరా' అన్నది. ఒర్రుతదని నోరు మూసిన... గంతే. సంపాలని కాదు చెల్లె!"

ఏడుస్తున్నాడు. అంతలోనే కళ్ళు తుడుచుకున్నాడు. చూపు ఆనందరావు మీదికి తిరిగింది.

"బాపుకు ఎరుకైంది. ఇగ బాపు ఉండొద్దు."

"వద్దన్నా!"

బయట విజిల్! టార్చ్ వెలుగు తలుపు సందుల్లోంచి పాకింది.

"గాజు కాయలు ఎత్తుకపోయిన ఆడది ఇటే వచ్చింది! ముందుకు పదండి!" ఇన్‌స్పెక్టర్ ప్రభాకర్ గొంతు.

కొండల్ ఒక్క దూకుతో దీపం ఆర్పేశాడు. ముసలాయన నోరు నొక్కాడు. కత్తి గొంతు మీద పెట్టాడు.

"ఊకో చెల్లె... వాళ్ళు పోతరు." గుసగుస. "మనమ్మ సచ్చినంక నిన్ను సాదిందెవరు? నేను తినకుండ నీకు పెట్టిన. యాదికి తెచ్చుకో."

నిజం. ప్రతి ముక్కా నిజం!

బూట్ల చప్పుడు తలుపు దాటింది. దూరమవుతోంది...

కిటికీ వెలుగులో ముసలాయన కళ్ళు కనిపిస్తున్నాయి. మెడ మీద నెత్తురు సన్నగా కారుతోంది. వాడు నొక్కుతున్నాడు!

"కొండల్ ఈడున్నడు! జల్ది రాండ్రి!"

ఎవరి అరుపు అది? తనదే!

బూట్లు వెనక్కి తిరిగాయి. తలుపు విరిగింది.

కొండల్ ముసలాయన్ని వదిలేశాడు. ఒక్క క్షణం చెల్లెలి వైపు చూశాడు. పెరట్లోకి పరుగెత్తాడు. గోడ ఎక్కాడు...

"ఆగు! కాలుస్తా!"

ఆగలేదు.

ఢాం!

టార్చ్ వెలుగు గోడ కింద పడిన మనిషి ముఖం మీద నిలిచింది. ప్రభాకర్ వంగి చూశాడు. కదలిక లేదు.

"ఇటు రామ్మా. గుర్తుపట్టి చెప్పాలె. ఎవరితను?"

రాజమణి దగ్గరికొచ్చింది. మోకాళ్ళ మీద కూలబడింది.

"మా అన్న," అంది. "నన్ను సాదినోడు."