పిలిచే మలుపు

కాన్‌బెర్రా నుంచి సముద్రానికి వెళ్లే కొండదారిలో, సగం దిగాక ఒక మలుపుంది. ఒకవైపు నిటారుగా కొండ, ఇంకోవైపు చెట్లతో మూసుకుపోయిన లోయ. చీకటి పడ్డాక ఆ మలుపుకి మంచి పేరు లేదు.

అక్కడ ఎవరో పిలుస్తారట. ఊరికే పిలవడం కాదు... ఎవరింటి గొంతుతో వాళ్లని. ఒక లారీవాడికి ఎప్పుడో పోయిన వాళ్లమ్మ గొంతు వినిపించిందట. ఆగాడు. తెల్లారి చూస్తే లారీ అక్కడే ఉంది — ఇంజను ఆడుతోంది, తలుపు తెరిచి ఉంది. మనిషి లేడు.

ఈ సంగతి యోగానంద్‌కి చెప్పింది సుబ్బరాజు అంకుల్. సముద్రం ఒడ్డున ముప్పై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు. పిలిస్తే పలకొద్దు, ఆగొద్దు, అంతే అన్నాడాయన. యోగానంద్ నవ్వేశాడు.

నవ్వడా మరి? రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని అంతకుముందు ఏడాదంతా సర్కారు ఆఫీసులో కాపలా కాసినవాడు. తీరా జనవరి ఒకటిన ఒక్క ప్రింటరు కూడా ఆగలేదు. దాంతో లోకంలో భయాలన్నీ ఉత్తవేనని తేల్చేసుకున్నాడు. ఆ ఊపులోనే పాత మోటారు పడవ ఒకటి కొన్నాడు. ఈత రాదు, చేపలు పట్టడం అసలే రాదు.

జూన్‌లో లాంగ్ వీకెండ్ వచ్చింది. పడవని ట్రైలర్ మీద పెట్టి, తన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి తగిలించుకుని అంకుల్ ఇంటికి లాక్కెళ్లాలని ప్లాను. ఆ బండి మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. పడవకి సరిపోతుందని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడు. ఎనిమిదేళ్ల కూతురు కిరణ్మయి తనూ వస్తానని ముందే ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. భార్య లలితకుమారికి ఆసుపత్రిలో డ్యూటీ ఉంది. మర్నాడు బస్సులో వస్తానంది.

కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో వాళ్లింటి ముందు ఆ సాయంత్రం జరిగింది ఇదీ. బండి వెనకున్న ఇనపగుండు మీద ట్రైలర్ మూతిని కూర్చోబెట్టాడు. అది ఊడకుండా పట్టి ఉంచే మీటని బిగించబోతున్నాడు. బండికి తగిలించాల్సిన గొలుసు ఇంకా చేతిలోనే ఉంది. అంతలో లలితకుమారి హారతిపళ్లెంతో బయటికొచ్చింది. కొత్తగా కొన్న పడవకి దిష్టి తియ్యకుండా కొండ దిగుతారా అంది. సరే, గొలుసు వదిలేసి చేతులు కడుక్కుని వచ్చాడు. బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టించింది. బండి చక్రాల కింద, ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. యోగానంద్ ఎక్కి స్టార్ట్ చేశాడు. నిమ్మకాయలు చితికాయి. బండి కదిలింది.

రెండు గంటల దారి హాయిగానే సాగింది. కొండ మొదలయ్యేసరికి చీకటి పడింది. పొగమంచు దిగింది. హెడ్‌లైట్ల వెలుగు పదడుగులు కూడా పోవడం లేదు.

దిగడం మొదలుపెట్టాక వెనక నుంచి చప్పుడు...

టక్. మళ్లీ కాసేపటికి — టక్.

ఎవరో పడవలో కూర్చుని వేళ్లతో కొడుతున్నట్టుంది. యోగానంద్ అద్దంలోకి చూశాడు. టెయిల్ లైట్ల ఎర్రటి వెలుగులో పడవ మూతి కనిపిస్తోంది. కొంచెం అటూ ఇటూ ఊగుతోంది. అది ఊగినప్పుడల్లా బండిని ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు ఉంది. కిరణ్మయి దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది.

సుబ్బరాజు అంకుల్ మాటలు అప్పుడే గుర్తుకు రావాలా? వచ్చాయి. రేడియో పెట్టాడు. గరగర తప్ప ఏమీ లేదు.

మలుపు బోర్డు కనబడింది. గేరు తగ్గించాడు.

"ఏవండీ..."

స్టీరింగ్ మీద చేతులు బిగుసుకుపోయాయి. లలితకుమారి గొంతు. ఆ సాగదీతతో సహా ఆమెదే. మైళ్ల దూరంలో డ్యూటీకి తయారవుతున్న మనిషి... ఈ కొండలో, ఈ మంచులో, సరిగ్గా వీపు వెనక.

ఆగకూడదు. పలకకూడదు. పళ్లు బిగించి ముందుకే పోనిచ్చాడు. పోతే తనొక్కడే పోడు, వెనక పిల్ల ఉంది.

"ఏవండీ..."

ఈసారి ఇంకా దగ్గరగా. ఏడుపు గొంతు. యోగానంద్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. భయం వల్లో, ఆ గొంతు వల్లో తెలియలేదు.

వెనక సీట్లోంచి నిద్రమత్తులో కిరణ్మయి గొణిగింది.

"డాడ్... వై డోన్ట్ యూ స్టాప్? మమ్ పిలుస్తోంది కదా."

దీనికీ వినబడిందన్నమాట. తన భ్రమ కాదన్నమాట.

చిన్నప్పుడు రాజోలులో నాయనమ్మ చెప్పిన మాట ఒకటి అడుగునెక్కడో పడి ఉంది. రాత్రిళ్లు ఎవరు పిలిచినా మూడో పిలుపుకి గానీ పలక్కు, దెయ్యాలకి మూడోసారి పిలవడం రాదు అనేది. పిలవద్దు, పిలవద్దు అనుకున్నాడు. మళ్లీ అంతలోనే — మా లలితవే అయితే పిలువు, ఇంకొక్కసారి పిలువు — అనుకున్నాడు.

మలుపు దగ్గరికి వచ్చేసింది. లోయ అంచున తెల్లటి రాళ్లు కనిపిస్తున్నాయి.

"ఏవండీ!"

కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. మెల్లగా, మెత్తగా నొక్కాడు. బండి పక్కకి జరిగి, కొండవైపు అంచున ఆగింది.

ఎవరూ లేరు. మంచు, చెట్ల నుంచి కారే నీటి చుక్కలు... అంతే. చాలాసేపు దిగలేదు. చివరికి పిల్లని కదలొద్దని చెప్పి, టార్చి పట్టుకుని దిగాడు. పడవలోకి వెలుగు వేశాడు. ఖాళీ. ఆ వెలుగు కిందికి దించాడు.

ట్రైలర్ మూతి ఇనపగుండు అంచున వేలాడుతోంది. మీట బిగించి లేదు. ఆ టక్ టక్ దానిదే. అది ఊడినా పట్టుకోవాల్సిన గొలుసు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చి, కొస అరిగి తెల్లగా మెరుస్తోంది. మలుపులో గట్టిగా బ్రేకు వేసి ఉంటే పడవ ఊడి ముందుకు దూకేది. మొదట తగిలేది వెనక సీటుకే. అక్కడ కిరణ్మయి ఉంది.

యోగానంద్ రోడ్డు మీదే కూలబడ్డాడు. తర్వాత లేచి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, మూతి దించి, మీట బిగించి, గొలుసు తగిలించాడు. ప్రతి పనీ రెండుసార్లు చేశాడు.

కొండ కింద పెట్రోలు బంకులో టెలిఫోన్ బూత్ ఉంది. జేబులు తడుముకుంటే సెల్‌ఫోన్ లేదు, ఆఫీసు కోటులోనే వదిలేసి వచ్చాడు. చిల్లర వేసి ఇంటికి కలిపాడు. ఒక్క రింగుకే ఎత్తింది లలితకుమారి. డ్యూటీకి వెళ్లలేదట.

"గొలుసు..." అంది.

నీకెలా తెలుసన్నాడు యోగానంద్. బండి వీధి మలుపు తిరుగుతుంటే చూసిందట, గొలుసు నేలకి వేలాడుతూ. వెంటనే సెల్‌కి చేస్తే బీరువాలో మోగిందట.

"మరి అప్పుడే పిలవొచ్చు కదే," అన్నాడు.

"నిమ్మకాయలు తొక్కాక వెనక నుంచి పిలవకూడదనండీ..." లలితకుమారి వెక్కివెక్కి ఏడ్చింది. "మూడుసార్లు నోటిదాకా వచ్చింది. మూడుసార్లూ కొంగు అడ్డం పెట్టుకుని మింగేశాను."

యోగానంద్ బూత్ అద్దంలోంచి బండివైపు చూశాడు. వెనక సీట్లో కిరణ్మయి లేచి కూర్చుని, కొండవైపు తిరిగి ఎవరికో చెయ్యి ఊపుతోంది.