నల్లరాతి ఇంట్ల వెట్టి

జఫర్‌గఢ్ దిక్కు ఒక ఊళ్ళో దొరవారి నల్లరాతి ఇల్లు ఉండేది. గడీ కాదు, చేలమధ్య ఎవుసానికని కట్టించింది. కాకతీయుల నాటిదని పెద్దలనేవారు. అబ్బ, ఏం ఇల్లండీ అది! సున్నం చుక్క లేకుండా రాయి మీద రాయి పేర్చారు, సందులో గడ్డిపోచ దూరదు. ఇన్ని వందల ఏండ్లకూ కొత్తదాని లెక్కే ఉందంటే ఊరికేనా? తరతరాలుగా మన ఆడోళ్ళు వెట్టికి పోయి దాన్ని ఊడ్చి, కడిగి, చంటిబిడ్డలా సాకారు మరి.

దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చింది. దొర పట్నం పారిపోయాడు. వెట్టి బందైంది. కానీ ఆ ఖాళీ ఇల్లు మాత్రం రోజూ పొద్దుగూకేసరికి అద్దంలా ఊడ్చి ఉంటోంది!

ఎవరో ఇంకా చాటుగా వెట్టి చేస్తున్నారని సంఘం నర్సయ్యకు ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఆఖరున ఊడ్చింది ఓదెమ్మ, మొగుడు పోయి ఒంటరిగా బతికే మనిషి. నలుగురిలో ఆమెను నిలదీశాడు.

"ఏందక్కా, దొర మీద ప్రేమ, పావురం ఇంకా పోలేదా?"

"నీ నోట్ల మన్ను వడ! మా అత్త పీనుగను పక్కకు జరిపి నాతోని ఊడ్పిచ్చిండు గా దొర. నాకు పావురమా?"

నిజమే. నాలుగేండ్ల కింద ఆమె అత్త బుచ్చమ్మ కాలే జ్వరంతో వెట్టికి పోయి, సగం ఊడ్చి, ఆ నేల మీదే ప్రాణం విడిచింది. మిగతా సగం ఓదెమ్మ ఊడ్చినంకనే దొర శవాన్ని తీసుకపోనిచ్చాడు.

"అయితే ఊడ్చేదెవరో పట్టుకో. లేకుంటే రేపటి దొర భూముల పంపకంల నీ రెండెకరాలు లేవు" అన్నాడు నర్సయ్య.

ఆ సాయంత్రమే ఓదెమ్మ ఆ ఇంట్లోకి పోయి వడ్ల గాదె వెనక నక్కింది. బయట ఇంకా వెలుగుంది. లోపల మాత్రం కిటికీ లేని చీకటి, గబ్బిలాల కంపు, పాత వడ్ల వాసన. 'దొరికిందా, జుట్టు పట్టి వాడ దాకా ఈడుస్త' అనుకుంటూ కూచుంది.

సర్... సర్... సర్...

ఈత చీపురు చప్పుడు. వంగిన నడుము. రోకటి కింద నలిగిన ఎడమచేతి వేలు.

"అత్తా..."

ఊడ్పు ఆగలేదు.

"వెట్టి పోయింది అత్తా. దొర పారిపోయిండు. సచ్చినంక గూడ నడుము వంచుడేంది?"

బుచ్చమ్మ తలెత్తకుండానే గుసగుసలాడింది. "పోయినోడు చిన్నదొర. ఈ ఇల్లు కట్టినోడు యాడికి పోతడే? లోపటర్రల ఉన్నడు. నేనూడ్వకుంటే నిన్ను పిలుస్తడు... మెల్లగ మాట్లాడు."

లోపలి గదిలో, ఆ లోపటర్రలో, ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఇంకొకరైతే పడీలేచీ ఉరికేవారు. ఓదెమ్మకు మాత్రం ఆ వంగిన నడుము చూసేసరికి భయం కన్నా కోపం ముందొచ్చింది. చీపురు గుంజుకుంది. మంచుముద్దలా ఉంది.

"పిలువనియ్యి! ఎంతమందిని తింటవురా ముసలోడా? దమ్ముంటే బయటికి రా!"

మోకాలికేసి ఫట్టున విరిచింది.

బుచ్చమ్మ అప్పుడు తలెత్తింది. "ఎంత పని చేస్తివి బిడ్డా..."

అంతే. ఎవరూ లేరు.

మరునాడు ఆమె చెప్పింది విని, విరిగిన చీపురు చూసి నర్సయ్య ఆమె పేరు పంపకంలో రాయించాడు. రెండెకరాలకు హద్దురాళ్ళు పడ్డాయి. మళ్ళీ ఎవరూ ఊడ్వలేదు, ఆ ఇంట్లో దుమ్ము పేరుకుంది. మూడోనాడు ఓదెమ్మ చేనుకాడ ఉండగా నర్సయ్యే పరుగున వచ్చాడు. "అక్కా, జర రా" అన్నాడు. మొహంలో నెత్తురు లేదు.

నల్లరాతి ఇంటి దుమ్ములో పెద్దపెద్ద చెప్పుల అడుగులు. లోపటర్రలో మొదలై గడప దాటాయి. లోపలికి పోయినవి ఒక్కటీ లేవు.

ఇద్దరూ వాటి వెంటే నడిచారు. గట్టు దిగి, బాట పట్టి, వాడలోకి... వెట్టి చేసిన ప్రతి ఇంటి ముందూ రెండడుగులు జంటగా ఆగి ఉన్నాయి. ఓదెమ్మ గడప ముందు ఆగలేదు. నేరుగా లోపలికే పోయాయి.

"ఇంట్ల ఎవలన్న ఉన్నరా అక్కా?" నర్సయ్య గుసగుసగా అడిగాడు.

"ఎవలుంటరు, నేనొక్కదాన్నే గదా." భుజం మీది పార దించి పళ్ళు కొరికింది. "రెండు ముక్కలు చేస్త కొడుకును!"

తలుపును కాలితో తన్నింది. కదల్లేదు. పొద్దున తానే బయట పెట్టిపోయిన గొలుసు ఊడి వేలాడుతోంది.

లోపలినుంచి గడియ పెట్టి ఉంది.